పనికన్నా ఖాళీకే ఎక్కువ కరెంటు

అలిపిరి పాదాల మండపం దగ్గర బయల్దేరి 3,550 మెట్లెక్కి తిరుమల చేరే 60 కిలోల మనిషి, తన బరువును సుమారు 650 మీటర్లు పైకి మోసుకెళ్తాడు. భౌతికశాస్త్రం ప్రకారం ఆ పని 3.8 లక్షల జౌళ్లు. కరెంటు మీటరు లెక్కలో ఇది 0.106 యూనిట్, అంటే యూనిట్‌లో పదో వంతు కాస్త పైన. (ఒంట్లో నిజంగా ఖర్చయ్యే శక్తి దీనికి నాలుగైదు రెట్లు. చెమట ఊరికే పట్టదు.)

అదే కొండ కింద, అలిపిరి రోడ్డులో ఒక నెట్ సెంటర్‌లో పాత డెస్క్‌టాప్ ఆన్ చేసి ఉంది. ముందు ఎవరూ లేరు, తెర మీద శ్రీవారి ఫోటో తప్ప ఏమీ లేదు. అది ఆ 0.106 యూనిట్‌ను గంటా ముప్పావులో తాగేస్తుంది. ఏ పనీ చేయకుండానే.

ఇలాంటి సెంటర్లలో రోజు ఎలా గడుస్తుందో తిరుపతి వాళ్లకు చెప్పక్కర్లేదు. 300 రూపాయల ప్రత్యేక ప్రవేశ దర్శనం టికెట్ల కోటా సాధారణంగా నెలలో 24న ఉదయం 10 గంటలకు విడుదలవుతుంది. ఆ పూట ఒక్కో కీబోర్డు ముందు ఇద్దరు ముగ్గురు నిలబడతారు. తర్వాత గదుల బుకింగులు, ఆధార్ ప్రింట్లు, పరీక్ష ఫీజులు. మిగతా సమయమంతా ఎదురుచూపే. మనుషులే కాదు, మెషిన్లు కూడా ఎదురుచూస్తూ ఉంటాయి. పద్నాలుగు గంటలు తెరిచి ఉండే షాపులో ఒక్కో కంప్యూటర్ మూడు గంటలు పనిచేస్తే గొప్ప. అందుకే ‘ఇది ఎన్ని వాట్ల ప్రాసెసర్?’ అని అడిగితే బిల్లు సంగతి తేలదు. ‘ఖాళీగా ఉన్నప్పుడు ఎన్ని వాట్లు?’ అని అడగాలి.

మీసేవ కేంద్రాలు మొదలైన తొలి జిల్లాల్లో, అప్పుడు తిరుపతి ఉన్న చిత్తూరు ఒకటి. అది 2011. అప్పట్లో షాపుకు చవగ్గా డెస్క్‌టాప్ కావాలంటే దొరికేది డ్యూయల్ కోర్: ఇంటెల్ పెంటియం డ్యూయల్ కోర్, కోర్ 2 డ్యుయో, కొత్తగా వచ్చిన ఐ3, లేదా ఏఎండీ అథ్లాన్ 2 ఎక్స్2. వాటిలో చాలా పెట్టెలు హార్డ్ డిస్క్ మార్చుకుని, ర్యామ్ పెంచుకుని ఇంకా బతికే ఉన్నాయి. వాటి లెక్కే ఇది.

130 నుంచి 65కి

డెస్క్‌టాప్‌లో రెండు కోర్ల ఆలోచన వేగం కోసం పుట్టిందని అనుకుంటాం. నిజానికి వేడి తట్టుకోలేక పుట్టింది. 2004 ఫిబ్రవరిలో వచ్చిన 90 నానోమీటర్ల పెంటియం 4 (లోపలి పేరు ప్రెస్కాట్) 3.8 గిగాహెర్ట్జ్ దాకా వెళ్లింది. ఆ స్థాయిలో దాని వేడి 115 వాట్లు. దాని వారసుడిగా రావాల్సిన టేజస్‌ను ఇంటెల్ 2004 మేలో వదిలేసింది, 4 గిగాహెర్ట్జ్ పెంటియం 4ను అదే ఏడాది అక్టోబరులో రద్దు చేసింది. గిగాహెర్ట్జ్ పెంచుకుంటూ పోయే దారి అక్కడితో మూసుకుపోయింది.

2005లో వచ్చిన పెంటియం డీ దీనికి తొందరపాటు జవాబు. రెండు ప్రెస్కాట్ కోర్లను ఒకే ప్యాకేజీలో పెట్టారంతే. 3.2 గిగాహెర్ట్జ్ 840 మోడల్ 130 వాట్లు. మొదట వచ్చినవాటిలో అన్నిటికన్నా చవకైన 820కి 95 వాట్లే గానీ, ఖాళీగా ఉన్నప్పుడు వేగం తగ్గించుకునే సౌకర్యమే లేదు. ఎక్కువ మంది కొనేది చవక మోడలే, పొదుపు తీసేసింది కూడా అందులోంచే. ఏఎండీ అదే ఏడాది తెచ్చిన అథ్లాన్ 64 ఎక్స్2 ఈ విషయంలో మెరుగు. కూల్ ఎన్ క్వైట్ అనే పొదుపు ఏర్పాటు 2003 నుంచే ఆ కుటుంబంలో ఉంది.

2006 జులై 27న కోర్ 2 డ్యుయో వచ్చింది. ఇ6600 మోడల్‌కు 2.4 గిగాహెర్ట్జ్, 29.1 కోట్ల ట్రాన్సిస్టర్లు, 65 వాట్లు. పనితీరు 40 శాతం ఎక్కువ, శక్తి విషయంలో 40 శాతం మెరుగు అని ఇంటెల్ ప్రచారం చేసింది. ప్రచారం మాట ఎలా ఉన్నా, గిగాహెర్ట్జ్ తగ్గించి పని పెంచడం కొనేవాళ్లకు కొత్త. ఈ డిజైన్ మూలాలు ఇజ్రాయెల్‌లోని హైఫా బృందం ల్యాప్‌టాప్‌ల కోసం చేసిన పెంటియం ఎం, అంటే 2003 నాటి చిప్‌లో ఉన్నాయి. బ్యాటరీ మీద బతికే వాటి కోసం నేర్చిన పొదుపు డెస్క్‌టాప్‌కు అలా ఎక్కింది.

ఈ డ్యూయల్ కోర్ కథలో మన పొరుగు వాటా కూడా కొంత ఉంది. తిరుపతికి 250 కిలోమీటర్ల దూరంలోని బెంగళూరులో ఇంటెల్ బృందం రూపొందించిన జియాన్ 7400 సర్వర్ చిప్ 2008 సెప్టెంబరులో విడుదలైంది. అందులో ఆరు కోర్లు. లోపల చూస్తే అవి మూడు డ్యూయల్ కోర్ జంటలే.

వోల్టేజి వర్గం దగ్గరే కిటుకు

పనిచేస్తున్న చిప్ తాగే కరెంటుకు ఒక సూత్రం ఉంది. శక్తి వేగానికి అనుపాతంలో పెరుగుతుంది, వోల్టేజికి మాత్రం వర్గానుపాతంలో పెరుగుతుంది. వేగం సగం చేస్తే ఖర్చు సగం. వోల్టేజి సగం చేయగలిగితే ఖర్చు నాలుగో వంతు. అదృష్టం ఏమిటంటే, వేగం తగ్గితే తక్కువ వోల్టేజి సరిపోతుంది. రెండూ కలిసి దిగుతాయి.

రెండు కోర్లు ఎందుకు పెట్టారో దీన్నిబట్టే అర్థమవుతుంది. ఒక కోర్ పూర్తి వేగంతో తాగేది 1 అనుకుందాం. దాని బదులు రెండు కోర్లు పెట్టి, ఒక్కోదాన్ని 75 శాతం వేగంతో, 80 శాతం వోల్టేజితో నడిపితే ఖర్చు 2 × 0.75 × 0.64, అంటే 0.96. పని మాత్రం 1.5. ఖర్చు కాస్త తగ్గి, పని ఒకటిన్నర రెట్లు. అయితే పనిని రెండు ముక్కలుగా పంచగలిగితేనే ఈ లాభం. బ్రౌజర్ ఒక కోర్ మీద, యాంటీవైరస్ ఇంకోదాని మీద నడిచే షాపులో చాలావరకు పంచవచ్చు. ఒక్క పాత అకౌంట్ల సాఫ్ట్‌వేర్ నడిపేవాళ్లకు రెండో కోర్ దాదాపు దండగ.

ఇప్పుడు పొదుపు. ఇ6600 పూర్తి వేగంలో 266 మెగాహెర్ట్జ్ బస్ గడియారాన్ని 9తో గుణించి 2.4 గిగాహెర్ట్జ్ తెచ్చుకుంటుంది. పని లేనప్పుడు గుణకం 6కు దిగి 1.6 అవుతుంది. ఇంటెల్ దీన్ని స్పీడ్‌స్టెప్ అంటుంది. వోల్టేజి 1.3 నుంచి 1.1కి దిగిందనుకుంటే, ఖర్చు 0.667ను 0.716తో గుణించినంత: 48 శాతం. వేగం మూడో వంతు తగ్గితే ఖర్చు సగానికి పైగా తగ్గింది.

ఇక్కడ చాలామంది పొరపడతారు. ‘65 వాట్లలో సగం, నెలకు ఇంత మిగులు’ అని లెక్క వేసేస్తారు. ఆ 65 కరెంటు ఖర్చు కాదు. భారీ పని ఎడతెరిపి లేకుండా నడిచినప్పుడు ఫ్యానూ హీట్‌సింకూ బయటికి తోయాల్సిన వేడి అది, కూలర్ తయారుచేసేవాడి కోసం ఇచ్చిన అంకె. అదే 65 వాట్ల గీత కింద 1.8 గిగాహెర్ట్జ్ చిప్పూ ఉంది, 2008లో వచ్చిన 3 గిగాహెర్ట్జ్ ఇ8400 కూడా ఉంది. రెండూ ఒకే కరెంటు తాగవు. ఇక పని లేనప్పుడు ఏ చిప్పూ ఆ 65 దరిదాపుల్లో ఉండదు.

కారణం రెండో రకం పొదుపు. వేగం తగ్గించడం ఒకటైతే, నిద్రపోవడం ఇంకొకటి. కీబోర్డు మీద రెండు అక్షరాల మధ్య మీరు వేలు ఎత్తి దించే లోపల ప్రాసెసర్ వందలసార్లు కునుకు తీయగలదు. ఈ కునుకులను సి-స్థితులు అంటారు. సి0 అంటే పనిలో ఉంది. సి1లో గడియారం ఆగుతుంది, చిప్ కదలదు. సి1ఇలో గడియారంతో పాటు వోల్టేజి కూడా దిగుతుంది. సి3లో క్యాష్ ఖాళీ చేసి ఇంకాస్త లోతుకు పోతుంది. సి6లో కోర్ తన స్థితినంతా పక్కన దాచి, విద్యుత్ సరఫరానే కట్ చేసుకుంటుంది. 2008 చివర్లో వచ్చిన నెహలేమ్ తరం నుంచి ఇంటెల్ కోర్లకు విడివిడిగా ఇలాంటి గేట్లు పెట్టింది. అంతకు ముందు కోర్ నిద్రపోయినా ట్రాన్సిస్టర్ల లోంచి కరెంటు కారుతూనే ఉండేది. పాత కోర్ 2 డ్యుయోకూ ఐ3కీ ఖాళీ వాట్లలో ఉన్న తేడాకు ఇదొక ముఖ్య కారణం.

ఈ లోతైన నిద్రకు ఒక చిక్కు వచ్చింది. 2013 నాటి హాస్వెల్ తరం చిప్‌లు గాఢనిద్రలో 12 వోల్టుల తీగ నుంచి 0.05 ఆంపియర్ దాకా దిగిపోతాయి. అంత తక్కువ లోడు మీద కొన్ని పాత ఎస్‌ఎంపీఎస్‌లు (పెట్టెకు కరెంటు మార్చి ఇచ్చేవి) నిలకడగా ఉండలేవు. అందుకని మదర్‌బోర్డు తయారీదార్లు కొందరు ఆ స్థితులను బయోస్‌లో ముందే ఆపి పంపేవారు. చిప్ కొత్తదే, పొదుపూ ఉంది, స్విచ్ మాత్రం ఆఫ్.

గోడ దగ్గర కొలిస్తే

మీటరుకు ప్రాసెసర్ ఒక్కటే తెలియదు. ప్లగ్ నుంచి వచ్చేదంతా తెలుసు. మదర్‌బోర్డు, ర్యామ్, హార్డ్ డిస్క్, ఫ్యాన్లు, వీటన్నిటికీ కరెంటు మార్చి ఇచ్చే ఎస్‌ఎంపీఎస్. మంచి ఎస్‌ఎంపీఎస్ అంటే 80 ప్లస్ ముద్ర ఉన్నది: 20, 50, 100 శాతం లోడు దగ్గర కనీసం 80 శాతం సామర్థ్యం. చవక క్యాబినెట్‌తో పాటు వచ్చేదానికి ఆ హామీ లేదు. 450 వాట్లని రాసిన ఎస్‌ఎంపీఎస్ మీద 45 వాట్ల లోడు పడితే అది పదో వంతే, మామూలు 80 ప్లస్ ముద్ర ఉన్నదానికి కూడా అక్కడ పరీక్ష లేదు. పెద్ద అంకె చూసి ఎస్‌ఎంపీఎస్ కొనడం నాకు ఎప్పుడూ వింతగానే ఉంటుంది.

ఆన్‌బోర్డు గ్రాఫిక్స్‌తో కోర్ 2 డ్యుయో తరం పెట్టె గోడ దగ్గర ఖాళీగా 45 నుంచి 60 వాట్ల మధ్య ఉంటుంది, పనిలో 80, 90 దాకా వెళ్తుంది. 2015 నాటి ఐ3-6100 (రెండు కోర్లు, 51 వాట్ల గీత) ఉన్న పెట్టె ఖాళీగా 20–30, పనిలో 55 అటూ ఇటూ. మానిటర్ దీనికి అదనం, ఇప్పటి ఎల్ఈడీకి 15–20 వాట్లు.

ఇక నెల లెక్క. పాత పెట్టెకు పనిలో 85 వాట్లు వేద్దాం. ఖాళీలో, పొదుపు ఆఫ్ చేసి ఉంటే 60, ఆన్ చేసి ఉంటే 48. రోజుకు 3 గంటల పని, 11 గంటల ఖాళీ.

పొదుపు ఆఫ్: 255 వాట్-అవర్లు పనికి, 660 ఖాళీకి. మొత్తం 915. నెలకు 27.5 యూనిట్లు.

పొదుపు ఆన్: ఖాళీకి 528. మొత్తం 783, నెలకు 23.5 యూనిట్లు.

పొదుపు ఆన్‌తో పాటు, 11 ఖాళీ గంటల్లో 7 గంటలు స్లీప్‌లో (గంటకు 3 వాట్-అవర్లు) పెడితే: 255, 192, 21. మొత్తం 468, నెలకు 14 యూనిట్లు.

కొత్త ఐ3 పెట్టె, పనిలో 55, ఖాళీలో 25, స్లీప్ వాడకుండా: 440 వాట్-అవర్లు, నెలకు 13.2 యూనిట్లు.

చివరి రెండూ పక్కపక్కన చూడండి. 14, 13.2. తొమ్మిదేళ్ల తరం తేడా ఉన్న ప్రాసెసర్ కొనడం వల్ల వచ్చే పొదుపు దాదాపు అంతా పాత పెట్టెను నిద్రపుచ్చితేనే వచ్చేసింది, పైసా ఖర్చు లేకుండా. స్పీడ్‌స్టెప్, సి1ఇ లాంటివన్నీ కలిసి తగ్గించింది 4 యూనిట్లు. స్లీప్ ఒక్కటే తగ్గించింది తొమ్మిదిన్నర.

ఆరు పెట్టెలున్న షాపుకు 27.5, 14 మధ్య తేడా నెలకు 81 యూనిట్లు. వాణిజ్య కనెక్షన్ కాబట్టి యూనిట్‌కు 9 రూపాయలు వేసుకుంటే 729 రూపాయలు, ఏడాదికి 8,700 పైమాటే. ఇంట్లో ఉన్నవాళ్లకు లెక్క వేరుగా ఉంటుంది. తిరుపతి కేంద్రంగా పనిచేసే దక్షిణ డిస్కం బిల్లుల్లో 2022-23 టారిఫ్ ప్రకారం ఇళ్లకు మొదటి 30 యూనిట్లు 1.90 చొప్పున, 400 దాటాక 9.75 చొప్పున. మీ ఇల్లు ఏ శ్లాబు అంచున ఉందో దాన్నిబట్టి అదే కంప్యూటర్ చవకో ఖరీదో అవుతుంది. మన గ్రిడ్‌లో యూనిట్‌కు సుమారు 0.7 కిలోల కార్బన్ డయాక్సైడ్ పోతుంది కాబట్టి, ఆ షాపు ఏడాదికి ఆపగలిగింది 680 కిలోలు.

వేసవిలో ఇంకో ఖర్చు కలుస్తుంది. ప్రాసెసర్ తాగిన ప్రతి వాటూ చివరికి గదిలో వేడే. మూడు వాట్ల వేడిని బయటికి తోయడానికి ఏసీకి సుమారు ఒక వాట్ కావాలి. బయట 42 డిగ్రీలున్న మే నెలలో ఖాళీ కంప్యూటర్లకు కరెంటు కట్టి, వాటి వేడి తీయడానికి మళ్లీ కట్టడం అన్నమాట.

కరెంటు పోయినప్పుడు మాత్రం ఇదే లెక్క అక్కరకొస్తుంది. చిన్న యూపీఎస్‌లో ఉండేది 12 వోల్టుల 7 ఆంపియర్-అవర్ బ్యాటరీ, అంటే కాగితం మీద 84 వాట్-అవర్లు. వేగంగా లాగేస్తే చేతికొచ్చేది అందులో సగం. 105 వాట్లు లాగే పాత పెట్టె, మానిటర్ కలిపి దాని మీద 24 నిమిషాలు నడుస్తాయి. కొత్త ఐ3 పెట్టె, మానిటర్ కలిసిన 75 వాట్ల జత 34 నిమిషాలు. టికెట్ల బుకింగ్ పేజీలో క్యూ నంబరు తిరుగుతున్నప్పుడు ఆ పది నిమిషాల విలువ ఎంతో యాత్రికుడినే అడగాలి.

ఎందుకు ఆపరు?

‘ఆపితే మళ్లా ఆన్ అయ్యేలోపల టికెట్లు అయిపోతాయి కదన్నా’ అంటారు షాపు వాళ్లు. మాటలో నిజముంది, కానీ అది షట్‌డౌన్ గురించి. స్లీప్ నుంచి లేవడానికి నాలుగైదు సెకన్లు చాలు, ఎందుకంటే ర్యామ్‌కు కరెంటు అందుతూనే ఉంటుంది, తెరిచిన పేజీలు అలాగే ఉంటాయి. పాత హార్డ్ డిస్క్ మీద హైబర్నేట్ నుంచి లేవడానికైతే అర నిమిషం పైనే పడుతుంది, దాన్ని పగలు వాడనక్కర్లేదు.

అయితే పాత బోర్డుల్లో ఒక మెలిక ఉంది. బయోస్‌లో పవర్ మేనేజ్‌మెంట్ పేజీలో సస్పెండ్ టైప్ అనే వరుస కనిపిస్తుంది. దాని ఎదురుగా ఎస్1 లేదా ఎస్3. ఎస్1 ఉంటే తెర ఆగుతుంది గానీ ఫ్యాన్ తిరుగుతూనే ఉంటుంది, కరెంటు పెద్దగా తగ్గదు. ఎస్3 ఉంటేనే అసలైన నిద్ర. బయోస్ తెరవక్కర్లేకుండానే గుర్తుపట్టవచ్చు: స్లీప్ నొక్కాక క్యాబినెట్ దగ్గర చెవి పెట్టండి. ఫ్యాన్ శబ్దం వినిపిస్తే అది నిద్ర కాదు, నటన.

విండోస్‌లో పవర్ ఆప్షన్స్ తెరిస్తే బ్యాలెన్స్‌డ్, హై పెర్ఫార్మెన్స్ అని ఉంటాయి. బ్యాలెన్స్‌డ్‌లో ప్రాసెసర్ కనీస స్థితి 5 శాతం, హై పెర్ఫార్మెన్స్‌లో 100. వేగం కోసమని రెండోది పెట్టి ఇచ్చే మెకానిక్కులున్నారు. దర్శనం పేజీ దానివల్ల ఒక్క సెకను కూడా ముందు తెరుచుకోదు, ఎందుకంటే ఆలస్యం మీ ప్రాసెసర్‌లో లేదు. స్క్రీన్‌సేవర్ గురించి కూడా ఒక మాట: దేవుడి ఫోటోలు ఒకదాని తర్వాత ఒకటి మార్చే స్క్రీన్‌సేవర్ వల్ల మిగిలేది సున్నా. మానిటరూ వెలుగుతుంది, ప్రాసెసరూ మేల్కొనే ఉంటుంది.

ఇక ‘డ్యూయల్ కోర్ కాలం అయిపోయింది కదా’ అనేవాళ్లకు. ఐ3 కుటుంబం 2017 అక్టోబరులో నాలుగు కోర్లకు మారింది. అయినా ఏఎండీ 2018లో 35 వాట్ల అథ్లాన్ 200జీఈని రెండు కోర్లతోనే తెచ్చింది, ఇంటెల్ 2022లో పెంటియం గోల్డ్ జి7400ను రెండు కోర్లతో, 46 వాట్లతో తెచ్చింది. విండోస్ 11 కనీస అర్హతల్లో ఇప్పటికీ రాసి ఉన్నది రెండు కోర్లే. పాత పెట్టెలకు అడ్డుపడుతున్నది కోర్ల సంఖ్య కాదు, తరం. కొద్ది మినహాయింపులు తప్ప, ఇంటెల్‌లో ఎనిమిదో తరం కన్నా పాతవాటికి విండోస్ 11 అధికారికంగా రాదు. విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ మామూలు మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసింది. డబ్బు లావాదేవీలు జరిగే షాపులో భద్రతా సవరణలు రాని విండోస్ నడపడం కరెంటు బిల్లు కన్నా పెద్ద ప్రమాదం. ఆ పెట్టెల్లో లినక్స్ వేసుకోవడమో, మార్చేయడమో చేయాలి.

మార్చేటప్పుడు సెకండ్ హ్యాండ్ మార్కెట్‌లో ఒక్కటి చూసుకోండి. ఐ3-6100 లాంటి చిప్ టాస్క్ మేనేజర్‌లో నాలుగు గీతలు చూపిస్తుంది, కానీ ఉన్నవి రెండు కోర్లు, నాలుగు థ్రెడ్లు. దాన్ని నాలుగు కోర్లని చెప్పి అమ్మే దుకాణాలున్నాయి. కోర్ల ధర కట్టేముందు మోడల్ నంబరు, దాన్నిబట్టి తరం చూడండి.

నా తీర్పు అడిగితే: కేవలం కరెంటు కోసం పాత డ్యూయల్ కోర్ పెట్టెను మార్చకండి. ఈ వారమే బయోస్‌లో స్పీడ్‌స్టెప్, సి1ఇ ఆన్ చేసి, సస్పెండ్ ఎస్3కి మార్చి, విండోస్‌లో పది నిమిషాలకు స్లీప్ పెట్టండి. మార్చాల్సి వస్తే భద్రత కోసం మార్చండి, దానికి మాత్రం బిల్లుల కోసం ఆగకండి.